గంట కొట్టేవాళ్లు లేరు

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివి వచ్చారు. తెల్లారకముందే నిద్ర లేపడం, స్టడీ అవర్, హడావుడిగా స్నానం, మళ్లీ స్టడీ అవర్. రెండేళ్లు మీ టైమ్ వేరేవాళ్ల చేతిలో ఉంది. బీటెక్‌లో గంట కొట్టేవాళ్లు ఉండరు. హాయిగానే ఉంటుంది, సెమిస్టర్ మధ్యలో వచ్చే మొదటి మిడ్ పరీక్ష దాకా.

నేనూ అలాగే వచ్చాను. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో టైమ్‌టేబుల్ వేసి హాస్టల్ గోడకి అంటించాను. ఉదయం ఐదు నుంచి ఏడు, మ్యాథ్స్. ఒంటిగంటకి పడుకునేవాడు ఐదింటికి ఎలా లేస్తాడు? నాలుగో రోజుకే అది గోడకి అలంకారం అయింది. సెమిస్టర్ పరీక్షల్లో ఎం-1, అంటే మొదటి మ్యాథ్స్ పేపర్, పోయింది.

అప్పుడు ఒక సీనియర్ అన్నాడు: "టైమ్‌టేబుల్ తర్వాత వేద్దువుగానీ, ముందు వారం రోజులు లెక్క రాయరా." కిరాణా కొట్టు ఖాతాలాగా ఏ గంట ఎటు పోయిందో రాశాను. రాత్రి భోజనం అయ్యాక "పది నిమిషాలు కూర్చుందాం" అనుకున్నది రోజూ తొమ్మిది నుంచి పదకొండున్నర! అదే పుస్తకంలో ఇంకోటి దొరికింది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రూమ్మేట్లు క్రికెట్‌కి పోతారు, రూమ్ ఖాళీ. వారంలో మూడు రోజులు ఆ గంటన్నర తీసుకున్నాను. మిగతా రోజులు నేనూ ఆడాను, అబద్ధం ఎందుకు?

ఆ టైమ్‌లో చేసింది ఒక్కటే. ఆ రోజు క్లాసు నోట్స్ ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయడం. మొదట్లో సగం పేజీ కూడా నిండేది కాదు, ఒళ్లు మండేది. తర్వాతెప్పుడో తెలిసింది, రోడిగర్, కార్పికి అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు 2006లో దీన్నే పరీక్షించి చూశారని. చదివిన ఐదు నిమిషాలకి పరీక్ష పెడితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు దాటిపోయారు. పరీక్ష ముందు రాత్రంతా చదివి నైట్‌అవుట్ చేసినప్పుడు అంతా వచ్చేసినట్టు అనిపించేది ఇందుకే.

ఇక అటెండెన్స్. 75 శాతం కోసం ఎలాగూ క్లాసులో కూర్చుంటారు. బెంచీ కింద ఫోన్ చూస్తే అదే పాఠానికి రూమ్‌లో ఇంకో గంట పెట్టాలి. ఒకే సరుకుకి రెండుసార్లు డబ్బు కట్టడం అన్నమాట.

నోట్‌బుక్ చివరి పేజీ తీయండి. ఇప్పుడు మూడున్నర. ఇక్కణ్ణుంచి పడుకునేదాకా రాయండి, "రీల్స్, నలభై నిమిషాలు" అని కూడా. ఎవరికీ చూపించక్కర్లేదు.

బస్సులు నాలుగుంబావుకి కదా? అడిగేవాళ్లు ఉంటే అడగండి.