మా చూడిగేదె ఖరీదు

హెడ్‌మాస్టరు గారికి, తోటి ఉపాధ్యాయులకు, ఊరి పెద్దలకు నమస్కారం. పిల్లలూ, సైన్స్ డేకి అంతరిక్ష చెత్త గురించి చెప్పమన్నారు. కాగితం మీద వరసగా రాసుకొచ్చాను. ముందు స్కైలాబ్ సంగతి చెప్పి అందులోకి వస్తాను.

1979 జూలై. నాకు పదేళ్లు. అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్, 77 టన్నులది, కూలిపోతోంది. ఎక్కడ పడుతుందో నాసా కూడా కచ్చితంగా చెప్పలేకపోయింది. మా ఊళ్లో అయితే మన నెత్తినే అన్నారు. ఎటూ పోతాం కదా అని పెట్టకోళ్లన్నీ కోసుకున్నారు. మా నాన్న చూడిగేదెను సంతకు తోలుకెళ్లి సగం ధరకి ఇచ్చేశాడు, పిల్లలు ఒక్కపూటైనా కడుపునిండా తినాలని. జూలై 11న అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ వైపు పడింది. మాకు మిగిలింది ఖాళీ కట్టుగొయ్య. పొద్దున పాలు పితికే వేళకి అమ్మ అలవాటుగా చెంబు పట్టుకుని వెళ్లి, అక్కడే నిలబడిపోయింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో మజ్జిగ లేదు.

మా గేదెకు పరిహారం రాకపోయింది చట్టం లేక కాదు. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఉంది. అంతరిక్షంలోకి పంపినది నేల మీద పడి నష్టం చేస్తే, తప్పు ఎవరిదని వాదించక్కర్లేదు, ప్రయోగించిన దేశమే పరిహారం కట్టాలి. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మాస్ 954 అణు రియాక్టరుతో సహా కెనడాలో కూలింది. కెనడా 60 లక్షల డాలర్లు అడిగితే, 1981లో 30 లక్షలకు ఒప్పందం కుదిరింది. ఆ దేశానికీ సగమే వచ్చింది చూడండి. ఇక మా గేదె? ప్రాణానికి, ఒంటికి, ఆస్తికి జరిగిన నష్టమే అంటుంది ఆ ఒప్పందం. భయపడి అమ్ముకున్నది అందులోకి రాదు. దానికింద అడగాల్సింది కూడా దేశమే, మా నాన్న కాదు.

ఇది పాత కథ అనుకోకండి. 2022 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగు ఆకాశం నుంచి పడింది. 2023లో ఆస్ట్రేలియా తీరానికి కొట్టుకొచ్చిన ముక్క మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్‌దే అయి ఉండాలని ఆ దేశ అంతరిక్ష సంస్థ చెప్పింది. కాబట్టి జవాబు చెప్పాల్సిన వాళ్లలో మనమూ ఉన్నాం. శ్రీహరికోటలో ప్రయోగం ఉంటే వేటకు వెళ్లొద్దని జాలర్లకు ముందే చెబుతారు. పైనుంచి ఏదైనా కూలేటప్పుడు కూడా అలాగే, తెలుగులో, తెలిసినంత నిజం చెప్పమని అడుగుదాం. అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు.

పిల్లలూ, పొలంలో అలాంటి ముక్క కనబడితే ముట్టుకోవద్దు. లోపల విషపు ఇంధనం మిగిలి ఉండొచ్చు. దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి.

వెనక కూర్చున్న పెద్దలను ఒకటి అడుగుతాను. స్కైలాబ్ పడిన ఏడాది మీరు ఏం అమ్ముకున్నారు? ఎంతకి అమ్ముకున్నారు? ముందుకు రండి. పిల్లలు నోటుపుస్తకాలు తెచ్చారు, రాసుకుంటారు.