రాసినాయన వింటుండగానే

అధ్యక్షులవారికి, పెద్దలకు, ఈ ఎండలో పిల్లాపాపలతో ఆస్టిన్ నలుమూలల నుంచీ వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఇన్నేళ్ళుగా టెక్సస్ నీళ్ళు తాగుతూ ఇక్కడి పాట గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదని, పట్టుబట్టి ఈ సమయం అడిగాను.

గై క్లార్క్ అని ఒక పాటల రచయిత, 1941లో మోనహాన్స్‌లో పుట్టాడు. పడమటి టెక్సస్‌లో ఇసుకా, చమురు బావులూ ఉన్న ఊరు. 1971లో పాటల పరిశ్రమ ఉన్న నాష్‌విల్ చేరి పాటలు రాశాడు, తన చేత్తోనే గిటార్లు చేశాడు. 1982లో రికీ స్కాగ్స్ ఆయన పాట పాడితే కంట్రీ అనే ఇక్కడి పల్లె బాణీ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. జనం నోట నిలిచింది పాడినాయన పేరు. రాసినాయన పేరు క్యాసెట్ అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండిపోయింది.

నా బాధంతా ఇక్కడే. మన చిన్నప్పుడు ఆకాశవాణిలో పాట వేసే ముందు రచన ఫలానా అని చెప్పేవారు. మరి మన వేదికల మీద? పోయిన ఉగాదికి పదకొండు పాటలు పాడించాం. ఒక్క కవి పేరు చెప్పామా? మీరే చెప్పండి.

2011 నవంబరులో, గై క్లార్క్‌కి డెబ్బై నిండిన వారంలోనే ఆయన పాటలతో ఒక నివాళి ఆల్బమ్ వచ్చింది. తమారా సవియానో, షాన్ క్యాంప్ పూనుకుని చేశారు. రెండు సీడీలు, ముప్పై పాటలు. విల్లీ నెల్సన్, రోజాన్ క్యాష్, ఎమీలూ హారిస్, జాన్ ప్రైన్ లాంటివాళ్ళంతా పాడారు. మరుసటి ఏడు అమెరికానా సంగీత సంఘం దాన్ని ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచింది. నాకు ముఖ్యం అది కాదు. నివాళి అంటే మనకు దండేసిన ఫొటో గుర్తొస్తుంది. ఇక్కడ ఆ మనిషి కూర్చుని విన్నాడు! 2016 దాకా బతికాడు.

అందులో విన్స్ గిల్ పాడింది ఒక కత్తి గురించిన పాట. తండ్రి యుద్ధానికి వెళ్ళేటప్పుడు తల్లి ఇచ్చిన కత్తి. కొడుకు దాన్ని చెట్టుకు గుచ్చబోయి మొన విరగ్గొట్టాడు. తండ్రి ఒక్క మాట అనలేదు, సొరుగులో పెట్టేశాడు. తండ్రి పోయినప్పుడు రాని ఏడుపు, ఆ కత్తి చేతికొచ్చాక వచ్చింది.

ఇంకా నాలుగు పాటల గురించి రాసుకొచ్చాను. పది నిమిషాలే ఉన్నాయని చీటీ వచ్చింది. ఆ కాగితాలు పక్కన పెడుతున్నాను. ఇది చెప్పకుండా మాత్రం దిగలేను.

1979లో నేను తొమ్మిదో తరగతి. మా తెలుగు మేష్టారు క్యాలెండరు కాగితం వెనక మా చెరువు మీద పాట రాసిచ్చారు. ఎండిన చెరువు గట్టు మీద కూర్చున్న ముసలి చాకలి పాట. ఒంగోలులో జిల్లా పోటీలో పాడి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. న్యాయనిర్ణేత ఒకాయన, "ఎవరు రాశారు బాబూ?" అని అడిగారు. "మా ఊళ్ళో పాడుకుంటారండీ" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. మేష్టారు వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. తిరుగు బస్సులో, "శ్రుతి బాగా కుదిరిందిరా" అన్నారు. అంతే. టిక్కెట్టు కూడా ఆయనే తీశారు.

1998లో ఆయన పోయారు. సంతాప సభకు మైకు సెట్టు ఖర్చు నేనే పంపాను. ఆ మైకులో ఆ పాట వేయించలేకపోయాను, ఎవరి దగ్గరా లేదు. నాకు రెండు చరణాలే గుర్తున్నాయి. మూడోదాని కోసం మేష్టారి అమ్మాయికి ఆదివారం ఆదివారం ఫోను చేస్తున్నాను. పోయిన వారం ఒక పాదం దొరికింది.

అమ్మా, మీ ఊళ్ళో ఇలా రాసేవారు ఎవరైనా ఉంటే, ఈ రాత్రి, అక్కడ తెల్లారగానే ఫోను చేయండి. వారి పాట ఒకటి వారికే పాడి వినిపించండి.

నా వెనక బోర్డు మీద పేరు ఎవరిదని పొద్దుటి నుంచీ అడుగుతున్నారు. ఆయనదే. ఇప్పుడు ఆ రెండు చరణాలూ పాడతాను. తబలా అక్కర్లేదు బాబూ, ఊరికే వినండి.