వెసులుబాటు చదువు: అధ్యాపకుని పనిభారం

సభాధ్యక్షులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం.

విద్యార్థి తనకు వీలైన వేళ, వీలైన చోట, తనకు తగిన వేగంతో చదువుకునే విధానాన్ని నేను మనసారా కోరుకుంటాను. ఉద్యోగం చేస్తూనో, పసిబిడ్డను చూసుకుంటూనో చదువు సాగించేవారికి మరో దారి లేదు. అయితే ఆ వెసులుబాటును సమకూర్చే పని ఎవరి మీద పడుతోందన్న ప్రశ్న మన సమావేశాల్లో అరుదుగా వినిపిస్తోంది.

తరగతి గదిలో విద్యార్థుల ముఖాలు చూడగానే పాఠం ఎక్కడ అర్థం కాలేదో తెలిసిపోతుంది, వెంటనే మరో ఉదాహరణ చెబుతాం. రికార్డు చేసే పాఠానికి ఆ వీలు లేదు కనుక, వారు ఎక్కడ తడబడతారో ముందే ఊహించి, అక్కడొక ప్రశ్న పెట్టి, ప్రతి తప్పు జవాబుకూ తగిన వివరణ రాసి ఉంచాలి. గదిలో కొందరు, తెర మీద కొందరు ఉండే తరగతి మరీ కష్టం. బోర్డు వైపు రెండడుగులు వేస్తే కెమెరాకు కనిపించం. ముందు బల్లలోని విద్యార్థి అడిగిన ప్రశ్న ఇంట్లో ఉన్నవారికి వినపడదు, దాన్ని మళ్లీ చెప్పేలోగా చాట్‌లో మరో ప్రశ్న వచ్చి చేరుతుంది. ఇరువురికీ న్యాయం చేయబోయి ఇరువురికీ సగం పాఠమే అందిస్తాం. ఇది అధ్యాపకుని అసమర్థత కాదని గట్టిగా చెప్పదలచుకున్నాను.

బ్రిటన్‌లో 1969లో ఏర్పడి, 1971లో బోధన మొదలుపెట్టిన ఓపెన్ యూనివర్సిటీ, కోర్సు తయారీని ఏ ఒక్కరికీ వదిలేయలేదు. విషయ నిపుణులు, సంపాదకులు, బీబీసీ నిర్మాతలు కలిసి పాఠాలు రూపొందిస్తే, విద్యార్థుల వెన్నంటి ఉండడానికి ట్యూటర్లు వేరుగా ఉండేవారు. ఆ బృందం చేసిన పనిని నేడు చాలాచోట్ల ఒకే అధ్యాపకుడో, అధ్యాపకురాలో చేయాల్సి వస్తోంది. 2020లో కరోనా వేళ రాత్రికి రాత్రి ఆన్‌లైన్‌కు మారాం కదా అని కొందరు అంటారు. అది ఆపద గట్టెక్కడానికి చేసిన ఏర్పాటే తప్ప, ఆలోచించి రూపొందించిన బోధన కాదు.

పరీక్షల నిర్వహణ, గడువుల సడలింపు కూడా చిక్కులే. అయితే అసలు అడ్డంకి లెక్కింపులో ఉంది. గదిలో నిలబడి చెప్పిన గంటలనే బోధనగా లెక్కిస్తే, పాఠాన్ని తిరగరాసిన శ్రమా, రాత్రిపూట ఇచ్చిన జవాబులూ ఎక్కడా నమోదు కావు. పదోన్నతి వేళ ఎక్కువగా పరిశోధన పత్రాలనే చూస్తున్నప్పుడు, కొత్తగా చేరిన అధ్యాపకులు ఈ పనికి వెనుకాడితే వారిని తప్పుపట్టలేం. కోర్సును కొత్త పద్ధతికి మార్చే సెమిస్టర్‌లో బోధన గంటలు తగ్గించాలనీ, సాంకేతిక సహాయకులను శాఖకే కేటాయించాలనీ, ఆ పనిని పదోన్నతిలో పరిగణించాలనీ పాలకమండళ్లను కోరుతున్నాను.