కరెంటు పెట్టకముందే పళ్లు చూపించుకోండి

శ్రోతలందరికీ నమస్కారం.

నోటికో గొంతుకో వచ్చిన క్యాన్సర్‌కి రేడియేషన్ ఇవ్వాలని డాక్టరు చెప్పగానే ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. డబ్బు ఎలా, ఆసుపత్రి దగ్గర గది దొరుకుతుందా, ఆరేడు వారాలు తోడుండేదెవరు? ఆ కంగారులో పళ్లు ఎవరికి గుర్తొస్తాయి? కానీ మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అంటారే, ఆ వైద్యం మొదలయ్యేలోపే డెంటిస్టుకి నోరు చూపించాలి. మొదలయ్యేలోపే. అయ్యాక కాదు.

ఎందుకో ఒకాయన సంగతి చెబుతాను. ఆటో నడుపుకుంటాడు. గుట్కా అలవాటు వల్ల బుగ్గలో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది, నయమైంది. మళ్లీ ఆటో తీశాడు. నాలుగేళ్ల తర్వాత కింది దవడ పన్ను పుచ్చి సలుపు మొదలైంది. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే బీపీ ఉందా, షుగర్ ఉందా అని అడిగారు. లేవన్నాడు. నిజంగానే లేవు. రేడియేషన్ సంగతి వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. అది ఎప్పుడో అయిపోయింది కదా అనుకున్నాడు. పన్ను పీకేశారు.

మామూలుగా ఆ గుంత మీద కొన్ని వారాల్లో చిగురు కమ్ముకుంటుంది. ఈయనకి నెలలు గడిచినా కమ్మలేదు. నా దగ్గరికొచ్చి, “నాలుకకి ఏదో గరుగ్గా తగులుతోందండీ” అన్నాడు. చూస్తే ఎముక! పచ్చగా పాలిపోయి బయటికే కనిపిస్తోంది. చివరికి చచ్చిపోయిన ఆ ముక్కను ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చింది.

రేడియేషన్ దవడ ఎముకలోని సన్నటి రక్తనాళాలను కూడా దెబ్బతీస్తుంది. పై దవడ కన్నా కింది దవడకి అసలే రక్తం అందేది తక్కువ. ఇక గాయం మానేదెలా? ఏళ్లు గడిస్తే ఈ ముప్పు పోతుందనుకుంటారు. పోదు. పదేళ్లయినా పోదు.

అందుకే, ఇక నిలవదు అనుకున్న పన్నును ముందే తీయించేసి, గాయం మానడానికి కనీసం రెండు వారాలైనా గడువు ఉంచుకోవాలి. అలాగని పళ్ల కోసం క్యాన్సర్ వైద్యాన్ని సాగదీయకూడదు. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం అది.

తర్వాత వచ్చే తిప్పలు వేరు. లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది, పళ్లు చిగుళ్ల అంచునే పుచ్చడం మొదలెడతాయి. నోరెండుతోందని తీపి బిళ్లలు చప్పరిస్తే మరీ త్వరగా పుచ్చుతాయి. డెంటిస్టు రాసిచ్చే ఫ్లోరైడ్ జెల్ రోజూ వాడాలి, వాడాక ఒక అరగంట నీళ్లు కూడా తాగకూడదు. ఎన్నాళ్లు అని అడుగుతారు. నేనైతే పళ్లున్నన్నాళ్లూ అనే చెబుతాను.

మరి రేడియేషన్ అయ్యాక పన్ను నొప్పొస్తే? పీకడం ఒక్కటే మార్గం కాదు. రూట్ కెనాల్ చేసి, పైభాగం పాడైపోయి ఉంటే చిగురు దాకా కోసేసి వేరును లోపలే ఉంచేయొచ్చు. చూడ్డానికి బాగోదు, నిజమే. ఎముక మాత్రం క్షేమంగా ఉంటుంది. పీకక తప్పదంటే ఆ చోట ఎంత డోసు పడిందో ముందు తెలియాలి. రేడియేషన్ డోసును గ్రేలలో కొలుస్తారు; 60 గ్రేలు దాటిన చోట మరీ జాగ్రత్త. ఆ లెక్క క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితాల్లో ఉంటుంది. వాటిని ఇవాళే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఏ క్లినిక్‌కి వెళ్లినా, కుర్చీలో కూర్చోకముందే చూపించండి.

సెలవు. నమస్కారం.