ఫైర్‌వాల్ నుంచి పింగ్ వెళ్తోంది, మరి యూజర్‌కి నెట్ ఎందుకు రావట్లేదు?

హాయ్ అండీ, ఇవాళ ఫోర్టిగేట్ ఫైర్‌వాల్ సీఎల్ఐ (కమాండ్లు టైప్ చేసే స్క్రీన్) నుంచి కనెక్టివిటీ ఎలా చెక్ చేయాలో చూద్దాం. మామూలుగా ఏం జరుగుతుందంటే యూజర్ ఫోన్ చేసి నెట్ రావట్లేదంటాడు, మనం ఫైర్‌వాల్‌లోకి లాగిన్ అయ్యి ఒక పింగ్ (అవతలి ఐపీ రిప్లై ఇస్తుందా అని చూసే చిన్న టెస్ట్) కొడతాం, రిప్లై వచ్చేసరికి "మా వైపు అంతా బానే ఉంది, మీ సిస్టమ్ చూసుకోండి" అని పెట్టేస్తాం. ఆ మాట అప్పుడే అనకండి.

[స్క్రీన్: ఎగ్జిక్యూట్ పింగ్ 8.8.8.8]

8.8.8.8 అంటే గూగుల్ డీఎన్ఎస్ సర్వర్. 5 ప్యాకెట్లు వెళ్లాయి, 5 తిరిగొచ్చాయి. కానీ ఇవి ఫైర్‌వాల్ సొంతంగా పంపినవి కదా, మీరు రాసిన పాలసీలు (ఏ ట్రాఫిక్‌ని వదలాలి, ఏది ఆపాలి అనే రూల్స్) వీటికి వర్తించవు, సోర్స్ ఐపీ కూడా బయటికెళ్లే ఇంటర్‌ఫేస్‌దే. ఓనర్‌ని వాచ్‌మన్ ఆపలేదు కాబట్టి వచ్చినవాళ్లెవర్నీ ఆపడనుకుంటే ఎలా? దీన్నిబట్టి ఐఎస్‌పీ లింకూ, డిఫాల్ట్ రూటూ పనిచేస్తున్నాయని తెలుస్తుంది, అంతే.

అందుకే సోర్స్ మార్చి చూడాలి.

[స్క్రీన్: ఎగ్జిక్యూట్ పింగ్-ఆప్షన్స్ సోర్స్ 192.168.10.1]

ఇది మన ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) ఇంటర్‌ఫేస్ ఐపీ. ఐపీసెక్ టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ చేసిన వీపీఎన్ లింక్) టెస్ట్ చేసేటప్పుడు ఇది మర్చిపోతే అనవసరంగా తలనొప్పి, ఎందుకంటే సోర్స్ ఇవ్వకపోతే ఆ ప్యాకెట్ ఫేజ్ 2 సెలెక్టర్లకి (టన్నెల్‌లోకి ఏ ఐపీలు వెళ్లాలో చెప్పే లిస్ట్) మ్యాచ్ కాకపోవచ్చు, టన్నెల్ అప్‌లోనే ఉంటుంది, పింగ్ మాత్రం ఫెయిల్ అవుతుంది. ఇంకోటి, ఈ ఆప్షన్ ఆ సెషన్ అంతా అలాగే ఉండిపోతుంది, పనయ్యాక ఎగ్జిక్యూట్ పింగ్-ఆప్షన్స్ రీసెట్ కొట్టేయండి.

కొన్ని సైట్లు ఓపెన్ అవుతూ కొన్ని తిరుగుతూనే ఉంటే ఎంటీయూ (లింక్‌లో వెళ్లగల ప్యాకెట్ గరిష్ఠ సైజ్) మీద డౌట్ పడండి. అవే పింగ్-ఆప్షన్స్‌లో డీఎఫ్-బిట్ యెస్ (ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దని) పెట్టి డేటా-సైజ్ 1472 ఇవ్వండి, 28 బైట్ల హెడర్లు కలిపితే సరిగ్గా 1500. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యే బ్రాడ్‌బ్యాండ్) లింక్ అయితే 1464 దగ్గరే ఆగుతుంది.

పింగ్ ఓకే, అప్లికేషన్ మాత్రం రావట్లేదు అంటే ఎగ్జిక్యూట్ టెల్నెట్ తర్వాత ఐపీ, పోర్ట్ నంబర్ 443 ఇచ్చి చూడండి, కనెక్టెడ్ అని వస్తే పోర్ట్ ఓపెన్.

ఇప్పుడు అసలైన టెస్ట్. యూజర్‌నే తన సిస్టమ్ నుంచి 8.8.8.8కి పింగ్ కొడుతూ ఉండమనండి, మనం ఇక్కడ స్నిఫర్ (వచ్చిపోయే ప్యాకెట్లని చూపించే టూల్) పెడదాం.

[స్క్రీన్: డయాగ్నోస్ స్నిఫర్ ప్యాకెట్ ఎనీ 'హోస్ట్ 8.8.8.8 అండ్ ఐసీఎంపీ' 4]

చివర్లో ఆ 4 గానీ అంతకంటే పెద్ద నంబర్ గానీ ఉంటేనే ఇంటర్‌ఫేస్ పేర్లు కనిపిస్తాయి, నేనైతే ఎప్పుడూ 4 లేకుండా కొట్టను. ప్యాకెట్ ల్యాన్‌లో ఇన్ అని వచ్చి వ్యాన్ (ఇంటర్నెట్ వైపు ఇంటర్‌ఫేస్) లో అవుట్ అని పోతోంది, కానీ అవుట్ దగ్గర కూడా సోర్స్ 192.168.10.25 (యూజర్ సిస్టమ్ ఐపీ) అనే ఉందా? అయితే పాలసీలో న్యాట్ (లోపలి ఐపీని బయటి ఐపీగా మార్చడం) ఆన్ చేయలేదన్నమాట. అసలు ఇన్ కూడా లేదంటే స్విచ్, వీల్యాన్ (స్విచ్‌లో నెట్‌వర్క్‌ని విడదీసే సెటప్) వైపు వెళ్లండి. ఇన్ ఉండి అవుట్ లేకపోతే ఫైర్‌వాలే డ్రాప్ చేస్తోంది, ఎందుకో డీబగ్ ఫ్లో చెప్తుంది.

[స్క్రీన్: డయాగ్నోస్ డీబగ్ ఫ్లో ఫిల్టర్ యాడర్ 192.168.10.25
డయాగ్నోస్ డీబగ్ ఫ్లో ట్రేస్ స్టార్ట్ 10
డయాగ్నోస్ డీబగ్ ఎనేబుల్]

"డినైడ్ బై ఫార్వర్డ్ పాలసీ చెక్, పాలసీ 0" అని వస్తే ఏ పాలసీకీ మ్యాచ్ కాక కింద ఉండే ఇంప్లిసిట్ డినైకి తగిలింది. "రివర్స్ పాత్ చెక్ ఫెయిల్" అంటే ఆ సోర్స్‌కి తిరిగెళ్లే రూట్ ఆ ఇంటర్‌ఫేస్ మీద లేదు, పాలసీలు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, రూటింగ్ టేబుల్ చూడండి. చూడటం అయ్యాక డయాగ్నోస్ డీబగ్ డిజేబుల్, ఆ తర్వాత డయాగ్నోస్ డీబగ్ రీసెట్, బిజీగా ఉండే బాక్స్‌లో డీబగ్ అలా వదిలేసి టీకి వెళ్లకండి బాబూ.