పాత ఫోటోల్లో బూతుదీ హింసదీ ఒకటే కొట్టు!

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, అందరికీ నమస్తే! బ్రిటిష్ కాలం నాటి ఆ పాత పోస్ట్‌కార్డు ఫోటో గొడవ తెలిసిందేగా, మన గ్రూపులన్నిట్లో అదే తిరుగుతోంది, గంజాం ఏజెన్సీ కొండమ్మాయి, పైన బట్ట లేదు, కింద పేరు లేదు, జాతి పేరు మాత్రం ఇంగ్లీషులో అచ్చేశారు. ఒకడేమో అశ్లీలం తీసెయ్యమంటాడు, ఇంకొకడు అప్పట్లో ఎంత అమాయకంగా ఉండేవాళ్ళో అని దండం ఎమోజీ. దండమేటి బాబూ! అందరూ అమ్మాయినే చూస్తున్నారు, తీసినోణ్ణి ఒక్కడూ అడగడే!

ఒళ్ళూ మొహం నేను కప్పేశాను, ఈ చేతులు చూడండి చాలు. గుడ్డ అంచు పట్టుకుని వేళ్ళెలా బిగుసుకున్నాయో చూశారా? వెనకాల దుప్పటి కట్టారు, కొండ మీద ఎవడు కడతాడండి దుప్పటి? దొర సామానది.

అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీ, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా. మద్రాసు మ్యూజియం చూసుకునే ఎడ్గర్ థర్‌స్టన్ జనాల తలలూ ముక్కులూ కొలిచేవాడు, 1909లో దక్షిణాది కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు, మన సవరలూ కోందులూ అందులో ఉన్నారు. కొలతలు దొరుకుతాయి, పేర్లు వెతుక్కోవాలి. మా నాన్నమ్మ స్టూడియో ఫోటోకైనా వెనక పెన్సిల్‌తో పేరుంది, తాతయ్య కుర్చీలో కూర్చుని ఆవిణ్ణి నిలబెట్టాడు, అది వేరే వీడియో, దాని మీద నాకు చాలా కోపముంది.

ఇప్పుడసలు మాట. ఇంగ్లండ్‌లో అశ్లీల ప్రచురణల చట్టం 1857లో వచ్చింది, అంటే తెల్లమ్మాయి బొమ్మ అలా అమ్మితే కేసు, మన కొండమ్మాయిదైతే శాస్త్రం! అదే 1857లో లక్నో సికందర్‌బాగ్‌లో సిపాయిల్ని ఊచకోత కోశారు, మరుసటి ఏడాది బియాటో అనే ఫోటోగ్రాఫరు కెమెరా పట్టుకుని వెళ్ళాడు, కప్పెట్టిన శవాల్ని ఫోటో కోసం మళ్ళీ బయటకి తీయించాడని అప్పటి బ్రిటిష్ అధికారే రాశాడు. బట్ట విప్పించడం, మట్టి తీయించడం, రెండూ ఒక్క బుద్ధే అంటాను నేను. అమెరికాలో నల్లవాళ్ళని చెట్టుకి వేలాడదీసి, కింద నిలబడి నవ్వుతూ ఫోటో దిగి, పోస్ట్‌కార్డులేసి చుట్టాలకి పంపుకున్నారండి! 1908లో పోస్టులో పంపకూడదని రూలు పెడితే కవర్లో పెట్టి పంపారు.

న్యూ ఆర్లీన్స్‌లో బెలాక్ అనేవాడు 1912 ప్రాంతంలో వేశ్యావాటిక ఆడవాళ్ళని తీసిన ఫోటోల గాజు ప్లేట్లు తర్వాతెప్పుడో బయటపడ్డాయి, కొన్నిట్లో మొహం మాత్రం గీకేసి ఉంది. ఒళ్ళు భద్రంగా ఉంది! ఎవడు గీకాడో ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నాకైతే మన కార్డు కింద పేరు లేకపోవడం కూడా గీకుడే.

కళ అనేవాళ్ళు రండి, చరిత్ర అనేవాళ్ళూ రండి, కామెంట్లో తేల్చుకుందాం. ముందు ఆ గ్రూపు అడ్మిన్ అన్నయ్యా, నీ దండం నువ్వుంచుకో, ఆ ఫోటో డిలీట్ కొట్టి స్క్రీన్‌షాట్ పెట్టు, అందాకా నిన్ను వదిల్నుగాక వదల్ను.