ఊడిరాని కార్బొరేటర్ జెట్: బైక్ మరమ్మతుల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ్టి విషయం కార్బొరేటర్‌లో పట్టేసిన జెట్‌లు, అంటే ఇంజిన్‌కు వెళ్లే పెట్రోలును కొలిచి వదిలే, మధ్యలో రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి మరలు. జవాబులు చెప్పడానికి మెకానిక్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత: నమస్తే అండీ. బండి ఏడాదిగా కదల్లేదు. ఇప్పుడు చోక్ వేస్తే స్టార్ట్ అవుతోంది, చోక్ తీసేస్తే ఆగిపోతోంది. కార్బొరేటర్ విప్పి, తక్కువ వేగంలో పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ తిప్పబోతే స్క్రూడ్రైవర్ జారి, గాడి ఒకవైపు చెక్కుకుపోయింది.

మెకానిక్: ముందు తిప్పడం ఆపేయండి. రెండోవైపు గాడి మిగిలిందా?

శ్రోత: ఉందండీ, అటు బాగానే ఉంది.

మెకానిక్: అయితే ఇంకా చేతిలో పనే. మామూలు స్క్రూడ్రైవర్ కొన ఏటవాలుగా సన్నబడుతుంది. గాడి పై అంచులకే ఆనుతుంది తప్ప అడుగుదాకా దిగదు. బలం పెట్టగానే పైకి ఎగదన్ని, మెత్తటి ఇత్తడిని కోసేస్తుంది. మీకు కావలసింది రెండు ముఖాలూ సమాంతరంగా ఉన్న కొన. దొరక్కపోతే కాస్త పెద్ద స్క్రూడ్రైవర్‌నే ఆకురాయితో అరగదీసుకోండి. వెడల్పు జెట్ తలంత ఉండాలి, చుట్టూ ఉన్న గోడకు మాత్రం తగలకూడదు. గాడిలో పెట్టి ఊపితే అటూ ఇటూ కదలకూడదు. ఈ అరగదీత కోసం అరగంట పట్టినా పట్టనివ్వండి.

శ్రోత: స్ప్రే కూడా కొట్టానండీ, లాభం లేదు.

మెకానిక్: ఎంతసేపు ఆగారు?

శ్రోత: ఓ ఐదు నిమిషాలు.

మెకానిక్: చాలదండీ. జెట్‌ను పట్టుకునేవి రెండు. ఎండిపోయిన పెట్రోలు జిగురు ఒకటి, తేమకు పుట్టిన తెల్లటి తుప్పు పొడి, పచ్చటి చిలుము రెండోది. జిగురుకు కార్బ్ క్లీనర్, తుప్పుకు మరల్లోకి పాకే నూనె. ముందు ఫ్లోట్, నీడిల్, ఓ-రింగులు, డయాఫ్రమ్ ఉంటే అదీ తీసి పక్కన పెట్టండి. క్లీనర్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. క్లీనర్‌తో కడిగి ఆరనిచ్చాక, జెట్ గొయ్యి పైకి ఉండేలా బోర్లించి నూనె పోసి రాత్రంతా వదిలేయండి.

వ్యాఖ్యాత: వేడి చేయమంటారు కొందరు. మంచిదేనా?

మెకానిక్: మంచిదే, మంట మాత్రం వద్దు. లోపలి దారుల్లో పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటుంది. నూనె, పెట్రోలు పూర్తిగా తుడిచి, ఆరుబయట హీట్ గన్‌తో నెమ్మదిగా వేడి చేయండి. నీటిచుక్క వేస్తే చుయ్‌మనాలి, అంతకుమించి అక్కర్లేదు. బాడీ పోత లోహం ఇత్తడికన్నా కాస్త ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది, జిగురు కూడా మెత్తబడుతుంది. వేడి మీదే స్క్రూడ్రైవర్‌ను గాడిలో నిలిపి, చిన్న సుత్తితో నాలుగైదు తేలిక దెబ్బలు వేయండి. తర్వాత ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, అప్పుడు విప్పే వైపు తిప్పండి. తిప్పే బలం కన్నా కిందికి నొక్కే బలం ఎక్కువ ఉండాలి.

శ్రోత: మిగతా గాడి కూడా పోతే?

మెకానిక్: అప్పుడు ఎడమ మర డ్రిల్ బిట్. డ్రిల్‌ను రివర్స్‌లో, నెమ్మదిగా తిప్పండి. జెట్ మధ్యలో రంధ్రం ఎలాగూ ఉంది, బిట్ దారి తప్పదు. చాలాసార్లు బిట్ ఇత్తడిని కరిచిపట్టి జెట్‌ను తనతోపాటే బయటికి తెస్తుంది. మర బయటి కొలత 5 మిల్లీమీటర్లయితే 3 మిల్లీమీటర్ల బిట్ దాటకండి. ఎంత లోతు పోవాలో కొత్త జెట్ పక్కన పెట్టి కొలిచి, బిట్‌కు టేపు చుట్టుకోండి. లోతు మించితే జెట్ కింది దారి పాడవుతుంది, ఇక బాడీ మార్చడమే. విరిగిన మరలు లాగే, కోసుగా ఉండే ఎక్స్‌ట్రాక్టర్‌ను సుత్తితో దించకండి. అది పలచటి ఇత్తడి గోడను వెడల్పు చేసి మరకే ఇంకా అదిమేస్తుంది.

వ్యాఖ్యాత: ఇంకో ఫోన్ ఉంది. చెప్పండమ్మా.

శ్రోత: ఎక్కువ వేగంలో పెట్రోలు ఇచ్చే మెయిన్ జెట్ తిప్పుతుంటే, అది బిగించి ఉన్న కింది హోల్డర్ కూడా కలిసి తిరుగుతోందండీ. ఆపాలా?

మెకానిక్: ఆపొద్దు, రానివ్వండి. రెండూ కలిసి బయటికొస్తే పని సులువే. హోల్డర్ పలకల మీద సరైన స్పానర్ పెట్టి పట్టుకుని జెట్ విప్పుకోవచ్చు. గాడి పోయినా ఫర్వాలేదు, తల బయటికే ఉంటుంది కనుక హాక్సా బ్లేడుతో కొత్త గాడి కోయండి. పాతది పారేసే ముందు దానిమీది అంకె రాసుకోండి. కార్బొరేటర్ కంపెనీల్లో కీహిన్ అంకెలు రంధ్రం కొలతను, మికుని షట్కోణ జెట్‌ల అంకెలు ఇంధన ప్రవాహాన్ని చెబుతాయి. ఒకదాని అంకె చూసి రెండోదాన్ని కొనకూడదు.

శ్రోత: పక్కనే ఇంకో చిన్న ఇత్తడి ముక్క ఉందండీ. దానికి గాడే లేదు.

మెకానిక్: దాన్ని ముట్టుకోకండి. కొన్ని కార్బొరేటర్లలో కొన్ని జెట్‌లు మర లేకుండా నొక్కి దించినవే ఉంటాయి. అవి విప్పేవి కావు. క్లీనర్, గాలి పట్టించి వదిలేయండి. మెయిన్ జెట్ బిగించేటప్పుడు మొదటి చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే వెనక్కి తీసి మళ్లీ పెట్టండి, అడ్డమర పడితే, అంటే మర వంకరగా ఎక్కితే, బాడీ పోయినట్టే. అడుగు తగిలాక చిన్న స్క్రూడ్రైవర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ఒక్క పిసరు బిగిస్తే సరి. మరకు జిగురు మందులేవీ పూయకండి. పని ముగిశాక ఫ్లోట్ బౌల్ రబ్బరు సీలు కొత్తది వేసి, పెట్రోలు తెరిచి పది నిమిషాలు కారుతోందేమో చూసి, అప్పుడు స్టార్ట్ చేయండి.